పెదవి తుడుచుకోని రోజు

షెడ్డులో ఆమెను అందరూ పెదవక్క అంటారు. చేపలు రుచి చూసి ముద్ర వేయడం ఆమె పని. పడవల నుంచి దిగిన ట్యూనాలను సిమెంటు గచ్చు మీద వరసలుగా పేర్చి, ఒక్కోదాని తోకకు నంబరు చీటీ కడతారు. ఆమె బోలు ఊచను రెక్క వెనక గుచ్చి, తిప్పి, లాగుతుంది. ఊచలో అగ్గిపుల్లంత కండ వస్తుంది. దాన్ని వేలి మీద రుద్ది జిడ్డు చూస్తుంది. దీపం కింద పట్టి రంగు చూస్తుంది. చివరికి కింది పెదవి లోపల పెట్టుకుని ఇరవై లెక్కపెట్టి ఉమ్మేస్తుంది. ఇరవై లోపల పెదవి చురుక్కుమంటే చొక్కా చేతితో పెదవి తుడుచుకుంటుంది. మాట ఉండదు. వెనకే బండి తోసుకొచ్చే హమాలీలు ఆ చేపను వరసలోంచి లాగి గోడ పక్కన పడేస్తారు. చురుక్కుమనకపోతే ముద్ర పడుతుంది.

ఈ పద్ధతి ఏ కాగితంలోనూ లేదు. కాగితంలో ఉన్నది కిట్టు. ఇరవై చేపలకు ఒకదాని కండ తీసి గాజు గొట్టంలో కలిపి నలభై నిమిషాలు ఆగితే అందులో హిస్టమిన్, అంటే చెడిన చేపలో పుట్టే విషం, ఎంతుందో తెలుస్తుంది. మిగతా పంతొమ్మిది చేపల సంగతి కిట్టుకు తెలియదు. గాలానికి తగిలి నీళ్ళలోనే చచ్చిపోయి, పైకి లాగేదాకా గంటల తరబడి గోరువెచ్చటి నీళ్ళలో నానిన చేప వాటిలో ఒకటి ఉండొచ్చు. ఐసులో పెట్టాక అది మిగతావాటిలాగే గట్టిగా, ఎర్రగా ఉంటుంది. వాసన రాదు. లోపల పుట్టిన హిస్టమిన్ మాత్రం ఐసుకూ పోదు, పొయ్యికీ పోదు.

ఆమె షెడ్డులో చేరి ఇరవై రెండేళ్ళయింది. మొదటి పన్నెండేళ్ళు ఏమీ కాలేదు. పదమూడో ఏట ఒకరోజు ఇంట్లో పచ్చి చేప నాలుగు ముక్కలు తిన్న పావుగంటకు మొహం, మెడ ఎర్రబడ్డాయి. గుండె దడదడలాడింది. తలనొప్పి రెండు రోజులు వదల్లేదు. మరో రెండుసార్లు అలాగే అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

“హిస్టమిన్‌ని అరగదీసే సరుకు మీ ఒంట్లో తక్కువమ్మా,” అంది డాక్టరు. “వేరేవాళ్ళకి ఏమీ చెయ్యనంత కొంచెం కూడా మీకు ఎక్కువే. పచ్చి చేప, నిలవ చేప మానెయ్యండి. ఏం పని చేస్తారు?”

“పచ్చి చేప రుచి చూస్తానండీ.”

డాక్టరు పెన్ను మూత పెట్టి ఆమె వంక చూసింది.

ఆమె ఇంట్లో చేప మానేసింది, షెడ్డులో మానలేదు. అగ్గిపుల్లంత ముక్కకు ఒళ్ళు ఎర్రబడదు, పెదవి చురుక్కుమంటుంది అంతే. తర్వాతి రెండు రోజుల్లోనే ఆమె మూడుసార్లు పెదవి తుడుచుకుంది. సూపర్‌వైజరు అనుమానంతో ఆ మూడు చేపలకూ కిట్టు పెట్టించాడు. మూడూ చెడ్డవే. అప్పట్నుంచి అతను అడగడం మానేశాడు. హమాలీలు పేరు పెట్టారు.

డాక్టరు దాన్ని జబ్బు అంది. షెడ్డు దాన్ని పనితనం అంది. పదేళ్ళలో ఆమె కూడా అది పనితనమనే అనుకుంది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. ఎనిమిదేళ్ళు చిన్న. పదిహేనేళ్ళు పెద్ద హోటలు వంటింట్లో చేపలు కోసి, కిందటేడాది సొంతంగా కొట్టు పెట్టాడు. చెక్క బల్ల ఒకటి, దాని ముందు ఎనిమిది స్టూళ్ళు, బల్ల మీద ఐసు పరిచిన గాజు పెట్టె. పచ్చి చేప ముక్కలు కోసి, అన్నంతో పెడతాడు. వంట అతనిది, బల్ల దగ్గర పని అతని భార్యది. చేప మాత్రం రోజూ ఉదయం ఆరింటికి స్కూటరు మీద ఐసు పెట్టెతో షెడ్డుకు వచ్చి తనే తీసుకుంటాడు. అక్క ముద్ర లేని చేప ముట్టుకోడు.

కొత్తగా వచ్చినవాళ్ళు జంకితే అతను ఒకటే చెప్పేవాడు. “తినండి సార్, మా అక్క పెదవి దాటొచ్చిన చేప ఇది. నాలుగో వీధిలో దోమ కుట్టినా మా అక్కకి దద్దురొస్తుంది. ఆమెకి పడిందంటే మీకు రాళ్ళు కూడా అరుగుతాయి.”

కొట్టుకు పేరు వచ్చింది. అక్క మాత్రం అక్కడ ఒక్క ముక్క తినలేదు. వచ్చినప్పుడల్లా చివరి స్టూలు మీద కూర్చుని అన్నం, ఉడికించిన గుడ్డు తినేది. తమ్ముడు గుడ్డు ఒలిచి పెడుతూ సణిగేవాడు.

“ఊళ్ళో అందరూ నా చెయ్యి మెచ్చుకుంటారు. నా తోడబుట్టింది మాత్రం కోడిగుడ్డు మెచ్చుకుంటుంది.”

“గుడ్డు బాగా ఉడికించావు రా.”

“ఆ, మరే. దానికి పదిహేనేళ్ళు నేర్చుకున్నాను.”

“వదినని అల్లరి పెట్టకండి,” అనేది మరదలు. “ఆవిడ తింటే మొహం టమాటా అవుతుంది. తర్వాత సేవ చెయ్యాల్సింది నేను.”

కొట్టుకు ఏడాది నిండే గురువారం దగ్గర పడింది. ఆ సాయంత్రం కొట్టు మూసి, అలవాటుగా వచ్చేవాళ్ళు ఏడుగురిని పిలిచి తనే పెడతానన్నాడు తమ్ముడు. ఎనిమిదో స్టూలు అక్కది. షెడ్డులో ఐసు పెట్టెకు తాడు కడుతూ తల ఎత్తకుండా అన్నాడు.

“ఆ రోజైనా ఒక్క ముక్క తిను అక్కా. నవ్వులాటకి కాదు, నిజంగానే అడుగుతున్నా. అమ్మ ఉంటే అమ్మని కూర్చోబెట్టేవాణ్ణి. ఒక్క ముక్క.”

“చూద్దాం లేరా,” అంది అక్క.

అతను స్కూటరు తీశాక ఆమె చాలాసేపు ఊచ కడుగుతూనే ఉంది.

బుధవారం పని నుంచి ఇంటికి వెళ్తూ మందుల షాపు దగ్గర ఆగింది. షాపావిడ ఆమెకు తెలిసిన మనిషే.

“రేపు సాయంత్రం పచ్చి చేప తినాలి. నాకు పడదు. ముందుగా ఏదన్నా వేసుకుంటే ఆగుతుందా?”

“తినకపోతే ఇంకా బాగా ఆగుతుంది కదండీ.”

“తమ్ముడి కొట్టుకి ఏడాది.”

షాపావిడ నవ్వి పది మాత్రల పట్టీ ఒకటి తీసింది. “పొద్దున్నే ఒకటి వేసుకోండి. రోజంతా పనిచేస్తుంది, సాయంత్రానికి ఒంటికి బాగా పడుతుంది. దద్దుర్లు, ఎరుపు రావు. అలాగని పళ్ళెం నాకెయ్యకండి.”

పొద్దున్నే తను చేసే పనేమిటో అక్క చెప్పలేదు. షాపావిడ అడగలేదు.

గురువారం నాలుగున్నరకు ఆమె టీ తాగుతూ మాత్ర వేసుకుంది. వేసుకునే ముందు పని గుర్తుకు రాకపోలేదు. ఒక్క నిమిషం మాత్రను అరచేతిలో పెట్టుకుని ఆలోచించింది. మాత్ర దద్దుర్లకు. చేపను కనిపెట్టేది పెదవి. పెదవికి తెలిసేది రుచి. ఉప్పు, కారం తెలిసినట్టే అదీ తెలుస్తుంది. దద్దుర్ల మాత్ర వేసుకుంటే కూరలో ఉప్పు తెలియకుండా పోతుందా? పదేళ్ళుగా తనది పనితనం అనుకున్న మనిషికి ఇందులో తప్పు కనిపించలేదు.

ఆ ఉదయం ఒకే పడవ నుంచి నలభై ఆరు ట్యూనాలు దిగాయి. కిట్టుకు ఒకటో నంబరు, ఇరవై ఒకటో నంబరు, నలభై ఒకటో నంబరు వెళ్ళాయి. మూడూ బాగున్నాయి. అక్క నలభై ఆరింటికీ ఊచ గుచ్చింది. ఒక్కోదానికి ఇరవై లెక్కపెట్టింది. ఎప్పటికన్నా తొందరపడలేదు. ఇరవై మూడో చేప కండ గట్టిగా ఉంది, రంగు బాగుంది, లోపలి చలి ఒక డిగ్రీ. పెదవి ఊరుకుంది. ముద్ర వేసింది.

వరస చివర పెద్ద హమాలీ బండికి ఆనుకుని నిలబడ్డాడు. అక్క చేరినప్పటి నుంచీ ఆమె వెనక బండి తోస్తున్నవాడు.

“ఏంటి పెదవక్కా, ఇవాళ పెదవి మీద చెయ్యే పడలేదు? పడవవాళ్ళతో ఏమన్నా చుట్టరికం కలిసిందా?”

“మంచి సరుకు బాబాయ్,” అంది.

నలభై ఆరు చేపల్లో ఒక్కటీ పక్కకు వెళ్ళని రోజు అంతకుముందు ఎప్పుడు వచ్చిందో ఆమె గుర్తు చేసుకోవాల్సింది. చేసుకోలేదు. ఆమె ఆలోచన సాయంత్రం మీద ఉంది.

ఆరింటికి తమ్ముడు వచ్చాడు. వరసల మధ్య నడిచి, వంగి చూసి, ఇరవై మూడో చేప పొట్టవైపు భాగం అడిగాడు. కోయించి పెట్టెలో సర్దుకున్నాడు. మిగతా భాగాలు డబ్బాల ఫ్యాక్టరీ బండిలో వేరే చేపల ముక్కల్లో కలిసిపోయాయి.

సాయంత్రం ఆరున్నరకు ఎనిమిది స్టూళ్ళూ నిండాయి. పక్కన సెలూను నడిపే అతను, అతని భార్య. కుట్టు మిషన్ల షాపులో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు. తాళాలు బాగుచేసే అతను. మరదలి తండ్రి. గోడ పక్క స్టూలు మీద డ్రైవరు గారు. చివర అక్క.

డ్రైవరు గారు ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. కొట్టు తెరిచిన మొదటి గురువారం వచ్చింది ఆయనొక్కడే. తర్వాత ఏ గురువారమూ మానలేదు. మూడేళ్ళ కింద గుండెకు స్టెంటు వేశారు. నూనె ముట్టుకోవద్దన్నారు కాబట్టి పచ్చి చేపకు వచ్చాననేవాడు.

తమ్ముడు ముక్కలు కోసి వరసగా అందరి పళ్ళాల్లో పెట్టాడు. అలవాటు ప్రకారం ముందు తను ఒకటి నోట్లో వేసుకున్నాడు. తర్వాత అక్క ముందు నిలబడ్డాడు. ఆమె ఒక ముక్క తీసి తింది. అందరూ ఆమె మొహం వంకే చూశారు.

“ఎలా ఉంది?”

“గుడ్డు కన్నా బాగుంది.”

సెలూనతను బల్ల మీద దరువు వేశాడు. తమ్ముడు వెనక్కి తిరిగి, కడిగి ఉన్న కత్తినే మళ్ళీ కడిగాడు. తిరిగి వచ్చి ఆమె పళ్ళెంలో ఇంకో మూడు పెట్టాడు. ఆమె అవీ తింది. ఇంకో నాలుగు పెట్టాడు. అవీ తింది. మొత్తం ఎనిమిది ముక్కలు. ఏమీ కాలేదు. తమ్ముడికి ముప్పై ఆరేళ్ళు. ఆ పావుగంట అతను పదేళ్ళవాడిలా నవ్వుతూనే ఉన్నాడు.

ముందు సెలూనతని భార్య మెడ గోక్కుంది. కుట్టుపని ఆమె ఒకతె ఫ్యాను పెంచమంది.

“ఏంటి గురూ, అంత ఎర్రగా అయ్యావు?” అన్నాడు సెలూనతను తాళాలతనితో. “పొద్దున నేను గీసిన గడ్డం అలా మండుతోందా?”

“నీ మొహం అద్దంలో చూసుకో ముందు.”

డ్రైవరు గారు చొక్కా పై గుండీ విప్పాడు. “తాగకుండానే ఎక్కిందిరా అబ్బాయ్,” అన్నాడు తమ్ముడితో. “చేపకి ఏం పట్టించావు?” నుదుటి మీద చెమట ధార కట్టింది. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. తమ్ముడి చెవులు కూడా.

అక్క వరసగా ఏడు మొహాలూ చూసింది. తర్వాత తన ముంజేతులు తిప్పి చూసుకుంది. చర్మం మామూలుగా ఉంది.

అప్పుడు అర్థమైంది. లేచి డ్రైవరు గారి పళ్ళెం లాగేసింది.

“ఎవరూ తినకండి. చేప చెడిపోయింది రా.”

“ఏంటక్కా?” తమ్ముడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “నీకేం కాలేదుగా. నీకు కాకుండా మాకవుతుందా?”

సంచిలోంచి మాత్రల పట్టీ తీసి ఒక్కొక్కరి చేతిలో ఒక మాత్ర పెట్టింది. పట్టీలో ఒక గుంట అప్పటికే ఖాళీగా ఉంది. తమ్ముడు దాన్ని చూశాడు. డ్రైవరు గారు మాత్ర అందుకోబోయి స్టూలు మీంచి పక్కకు ఒరిగాడు. మరదలు అంబులెన్సుకు ఫోను చేసింది.

మిగతావాళ్ళందరికీ రెండు గంటల్లో తగ్గిపోయింది. డ్రైవరు గారికి రక్తపోటు పడిపోయి మళ్ళీ లేవలేదు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక పోయాడు.

శనివారం ఆహార శాఖ ఇన్‌స్పెక్టరమ్మ కొట్టుకు వచ్చింది. గాజు పెట్టెలో మిగిలిన చేప ల్యాబుకు పంపింది. ఫ్రిజ్ తలుపు తీసి థర్మామీటరు పెట్టింది. గురువారం ఉదయం నుంచి సాయంత్రం దాకా చేప ఎప్పుడు ఎక్కడుందో తమ్ముడిని నిమిషాలతో సహా అడిగింది. అతను ఏదీ దాచలేదు. స్టూళ్ళు సర్దుతూ, బల్ల తుడుస్తూ, చేపను ఫ్రిజ్ బయట ఇరవై ఐదు నిమిషాలు పెట్టానన్నాడు. ఫ్రిజ్ చలి రోజుకు రెండుసార్లు రాయాల్సిన పుస్తకంలో ఆ ఉదయం రాయలేదన్నాడు. ఆమె రెండూ రాసుకుంది. తలుపుకు కాగితం అంటించి వెళ్ళింది. విచారణ తేలేదాకా కొట్టు తెరవకూడదు. తప్పు తేలితే కేసు.

ల్యాబు కాగితం మూడు రోజులకు వచ్చింది. ఉండాల్సినదానికి పన్నెండు రెట్లు.

“ఆ ఇరవై ఐదు నిమిషాలేనక్కా,” అన్నాడు తమ్ముడు. కొట్టు వెనక గదిలో బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. “డ్రైవరు గారిని నేనే చంపాను.”

“ఇరవై ఐదు నిమిషాల్లో అంత పుట్టదు రా. పూట పడుతుంది. అది నీళ్ళలోనే చచ్చిన చేప.”

“నువ్వు చూశావు కదా మరి. నీ పెదవి దాటింది కదా.”

గుమ్మంలో నిలబడ్డ మరదలు నేల వంక చూసింది. తమ్ముడు అడిగిన తీరు ప్రశ్నలా లేదు. అక్క పెదవి తప్పు చెప్పదు, కాబట్టి తప్పు తనది. అంతకన్నా ముందుకు వెళ్ళడానికి అతను ఇష్టపడడం లేదు.

అక్క ఆ రాత్రి పడుకోలేదు. ఆమె ఏమీ చెప్పకపోతే షెడ్డులో ఎవరూ ఏమీ అడగరు. తమ్ముడి కొట్టు పోతుంది, తనే చంపానన్న నమ్మకంతో మిగతా బతుకు బతుకుతాడు. మాత్ర వేసుకున్నానని చెబితే తన పని పోతుంది. అది పెద్ద సంగతి కాదు. కానీ ఆ వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. ఎందుకు వేసుకున్నావు? దానికి నిజం చెబితే కొట్టు తిరిగొచ్చినా తమ్ముడు దక్కడు. ఒక్క ముక్క తినమని అడిగింది అతను.

బుధవారం ఇన్‌స్పెక్టరమ్మ షెడ్డుకు వచ్చింది. సూపర్‌వైజరు కిట్టు కాగితాలు వరసగా పెట్టాడు. ఒకటి, ఇరవై ఒకటి, నలభై ఒకటి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆమె సంతకం పెట్టబోతుండగా అక్క ముందుకు వచ్చింది.

“ఇరవై మూడోదానికి ముద్ర వేసింది నేనండీ. ఆ రోజు నా పెదవి పనిచెయ్యలేదు.”

“ఏది పనిచెయ్యలేదు?”

అక్క మొదటి నుంచి చెప్పింది. డాక్టరు చెప్పింది, షెడ్డు చేసింది, పెదవి తుడుచుకుంటే చేప పక్కకు వెళ్ళడం. సూపర్‌వైజరు మధ్యలో అందుకున్నాడు.

“మేడం, ఇలాంటి పద్ధతి మా దగ్గర లేదు. కాగితంలో ఎక్కడన్నా ఉంటే చూపించమనండి. ఈవిడ తమ్ముడి కోసం...”

“మీరాగండి.” ఇన్‌స్పెక్టరమ్మ హమాలీల వైపు తిరిగింది. “ఈవిడ పెదవి తుడుచుకుంటే మీరేం చేస్తారు?”

సూపర్‌వైజరు వాళ్ళ వంకే చూస్తున్నాడు. పెద్ద హమాలీ భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

“పక్కన పడేస్తామమ్మా. పదేళ్ళుగా అదే చేస్తున్నాం. రోజుకి ఒకటైనా పడుతుంది. ఆ రోజు ఒక్కటీ పడలేదు.” తర్వాత అక్క వైపు చూడకుండా అన్నాడు. “నేను అడిగాను కూడా. ఎగతాళికి అడిగాను.”

ఇన్‌స్పెక్టరమ్మ ఫారం తిప్పింది. ముందువైపు ఇలాంటి సంగతికి గడి లేదు. వెనక ఖాళీ వైపు చేత్తో రాయడం మొదలుపెట్టింది.

“మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?”

“ఉదయం నాలుగున్నరకి.”

“ఎందుకు?”

“దురద.”

“ఎక్కడ?”

“ఒళ్ళంతా.”

“పచ్చి చేప తినడానికి వేసుకున్నారా? ఆ సాయంత్రం మీరూ తిన్నారని మిగతావాళ్ళు చెప్పారు.”

“దురదకి వేసుకున్నాను. అది ఉంది కదా అని ధైర్యం చేసి తిన్నాను.”

ఇన్‌స్పెక్టరమ్మ కాసేపు ఆమె వంక చూసి, ఆమె చెప్పిందే రాసింది. అక్క కింద సంతకం పెట్టింది.

మర్నాటి నుంచి షెడ్డులో ఆమెకు పని లేదు. సూపర్‌వైజరు ఇంకో రెండు కిట్లు తెప్పించాడు. ఇప్పుడు ఇరవైకి ఒకటి కాదు, ఐదుకు ఒకటి చూస్తున్నారు. ఆ ఊచ గోడకు మేకు కొట్టి తగిలించారని పెద్ద హమాలీ దారిలో కనిపించి చెప్పాడు. ఇంకేమన్నా చెప్పాలనుకున్నట్టు నిలబడి, “ఒంట్లో ఎలా ఉంది?” అని అడిగి వెళ్ళిపోయాడు.

అక్క ఒక్కతే డ్రైవరు గారి ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసి కూర్చోమంది. అక్క ముద్ర సంగతి, మాత్ర సంగతి చెప్పింది. మాత్ర ఎందుకంటే ఆవిడకూ దురదకనే చెప్పింది. ఆవిడ అంతా విని అంది.

“ఆయన గురువారం చొక్కా బుధవారమే ఇస్త్రీ చేయించుకునేవాడు. మొన్న కూడా ఇస్త్రీ షాపతను తెచ్చి ఇచ్చాడు. తెలియదు పాపం.” మళ్ళీ అంది. “నువ్వు మళ్ళీ రావద్దమ్మా. కోపం కాదు. చూస్తే గుర్తొస్తుంది.”

విచారణ నలభై రోజులకు తేలింది. పడవ నుంచి దిగేటప్పటికే చేప పాడై ఉండడానికి ఎక్కువ అవకాశం ఉందని, కొట్టులో ఇరవై ఐదు నిమిషాలకు అంత హిస్టమిన్ పుట్టదని రాశారు. చలి పుస్తకం రాయనందుకు హెచ్చరిక. కొట్టు తెరుచుకోవచ్చు.

ఆ సాయంత్రం తమ్ముడు కబురు చేస్తే అక్క వెళ్ళింది. తలుపు మీది కాగితం తీసేశారు. జిగురు మరకను మరదలు వేడినీళ్ళతో తుడుస్తోంది. అక్కను చూసి, “లోపల ఉన్నారు వదినా,” అని తను బయటే ఉండిపోయింది.

తమ్ముడు బల్ల వెనక నిలబడ్డాడు. గాజు పెట్టె ఖాళీగా ఉంది. ఏడు స్టూళ్ళు బల్ల మీద తలకిందులుగా పెట్టి ఉన్నాయి, ఒకటి కింద ఉంది. అక్క దాని మీద కూర్చుంది.

“పచ్చి చేప ఇంక పెట్టను,” అన్నాడు. “వండి పెడతాను. హోటల్లో నేర్చింది అదీ ఉంది.”

“మంచిదే.”

“వచ్చేవాళ్ళు వస్తారు.”

“వస్తారు రా.”

అతను బల్ల అంచును బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. బయట మరదలు బకెట్టు జరిపిన చప్పుడైంది.

“కాగితం వెనక రాసింది నాకూ చదివి వినిపించారు. దురదకి అని ఉంది.”

“ఊఁ.”

“ఆ వారం నీకు దురద ఉందని నాకు తెలియదు. రోజూ పొద్దున నిన్ను చూస్తూనే ఉన్నాను.”

“అన్నీ నీకు చెప్తానా ఏంటి?”

“పట్టీలో ఒక్కటే ఖాళీగా ఉంది. దురదైతే ముందు రోజు కూడా ఒకటి వేసుకునేదానివి.”

“ఆ పొద్దున్నే మొదలైంది.”

“నా ముందు కూర్చుని ఎనిమిది ముక్కలు తిన్నావు. ఏడాదంతా అడిగాను. ఆ ఒక్కరోజే తిన్నావు. నిజం చెప్పు అక్కా. మాత్ర దేనికి వేసుకున్నావు?”

అక్క అతని కళ్ళలోకి చూసింది.

“దురదకి.”

అతను తల ఊపాడు. బల్ల మీదికి వంగి రెండు చేతులూ ఆనించాడు. మొహం ఎత్తకుండానే అన్నాడు.

“సరే. నేను మళ్ళీ అడుగుతాను. ఊరుకోలేను, నా సంగతి నీకు తెలుసు. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్పు.”

“ఇదే చెప్తాను రా.”

ఆ తర్వాత రెండేళ్ళలో అతను మూడుసార్లు అడిగాడు. ఒకసారి కొట్టులో, ఒకసారి ఆసుపత్రి వరండాలో, ఒకసారి ఫోనులో. మూడుసార్లూ ఆమె దురదకనే చెప్పింది. మూడోసారి అతను సరే అనలేదు. ఫోను పెట్టెయ్యలేదు కూడా. ఇద్దరూ మాట్లాడకుండా కొంతసేపు ఫోను పట్టుకునే ఉన్నారు.